పిల్లికి జడలు కట్టిన వానకాలం

పిల్లి శుభ్రమైన జంతువనీ, తన ఒళ్లు తానే నాక్కుని చూసుకుంటుందనీ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరికైనా పొడుగు బొచ్చు పిల్లిని చేతికిచ్చి, ఎల్లారెడ్డిలో ఒక్క వానకాలం సాకమనాలి. ఆ తర్వాత కూడా అదే మాట అంటే అప్పుడు వింటాను. నేను సాకాను కనుక చెబుతున్నాను. ఆ ఒక్క పిల్లి బొచ్చు మూలంగా నేను మా అత్తతో, మా ఆయనతో, మంగలితో, పశువుల దవాఖానతో, చివరికి కన్న తండ్రితో కూడా పోట్లాడాను. పిల్లి శాపాలకు ఉట్లు తెగవంటారు. నా శాపాలకు కూడా ఏమీ తెగలేదు.

నిజాంసాగర్ నీళ్లు కొత్తగా పారుతున్న రోజులవి. నేను కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి కాపురానికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. మా పక్కింట్లో తాలూకా కచేరీలో పనిచేసే ఒక సాబు ఉండేవాడు. ఆయనకు జుక్కల్ దాటి మరాఠీ మాట్లాడే దిక్కుకు బదిలీ అయింది. సామాను బండికెత్తేటప్పుడు ఆయన బేగం గోడ మీదుగా నన్ను పిలిచి తన పిల్లిని నా చేతుల్లో పెట్టింది. తెల్లగా, వెడల్పు మొహంతో, మెడ చుట్టూ జానెడు బొచ్చుతో ఉండే పిల్లి అది. దానితోపాటు ఒక కొమ్ము దువ్వెన కూడా ఇచ్చింది.

"రోజు దువ్వాలె బహెన్. ఒక్క దినం గూడ నాగా చెయ్యొద్దు. నాగా చేస్తే చిక్కులు పడ్తయి, తోలు పాడైతది," అని చెప్పి, కళ్లు తుడుచుకుని బండెక్కింది.

నేను నాగా చెయ్యలేదు. పొద్దున్నే పొయ్యి వెలిగించకముందే గడప మీద కూర్చుని దాన్ని దువ్వేదాన్ని. నాకింకా పిల్లలు లేరు. మా ఆయన పొద్దంతా పొలంలో ఉండేవాడు. ఆ ఇంట్లో నేను పిలిస్తే పలికేది ఆ పిల్లి ఒక్కటే. అది నాది అనుకున్నాను. అత్తగారింట్లో నాది అని చెప్పుకోవడానికి అప్పట్లో నాకు మరేమీ లేదు.

ఇక మా అత్త సంగతి చెప్పాలి. ఆమె చెడ్డ మనిషి కాదు, మొండి మనిషి. మామ పోయిన ఏడు ఆమెకు విషజ్వరం వచ్చి, నెలల తరబడి మంచం మీద ఉండి, తల దువ్వేవాళ్లు లేక మెడ వెనక జుట్టంతా ఉండ కట్టిందట. పూనకం వచ్చే శివసత్తి ఒకామె వచ్చి చూసి, అవి ఎల్లమ్మ జడలు, కత్తెర తగిలితే ఇంటికి అరిష్టం అన్నదట. అప్పటి నుంచి ఆ ఉండ అట్లాగే ఉంది. చూడటానికి ఎండిన గుమ్మడికాయ ముక్కలా ఉండేది. దాని బరువుకు ఆమె మెడ ఎప్పుడూ కొంచెం వంగే ఉండేది. వెల్లకిలా పడుకోవడం ఆమెకు కుదిరేది కాదు. గోడ వైపు ఒత్తిగిలి, చెయ్యి తలగడగా పెట్టుకుని, అటూ ఇటూ మెదులుతూనే తెల్లవారేది. దురద పుట్టినప్పుడు చీపురుపుల్ల దూర్చి గోక్కునేది.

కానీ ఆ జడ వల్ల ఆమెకు ఒకటి దక్కింది. మొగుడు పోయిన ఆడదాన్ని శుభకార్యాల దగ్గరికి రానిచ్చే కాలం కాదది. మా అత్తను మాత్రం రానివ్వడమే కాదు, ముందు పీట వేసి కూర్చోబెట్టేవాళ్లు. మంగళవారం వస్తే వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి ఆ జడకు పసుపు పెట్టి, ఆమె కాళ్లు మొక్కి పోయేవాళ్లు. ఆ ఒక్క రోజు మా అత్త మొహం వెలిగిపోయేది.

అట్లా ఉండగా మా అవ్వకు, నన్ను కన్నతల్లికి, కాళ్లు పడిపోయాయని కామారెడ్డి నుంచి కబురొచ్చింది. వానలు మొదలైన వారానికే వెళ్లాను. వెళ్లేముందు దువ్వెన అత్త చేతిలో పెట్టి, రోజూ ఎట్లా దువ్వాలో చూపించాను.

"గింత దానికి గింత చెప్తవేందే? నేను తలలు దువ్వలేదా? నీ మొగనికి ఎవరు దువ్విన్రు?" అన్నది అత్త.

అవ్వ మంచం దగ్గర వానకాలం గడిచిపోయింది. ఆమె కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసేదాకా ఉండి, దసరా ముందర ఎల్లారెడ్డికి తిరిగొచ్చాను. గడపలోంచే పిల్లిని పిలిచాను. అది రాలేదు. పొయ్యి పక్కన బూడిదలో పడుకుని ఉంది. తెల్లపిల్లి పసుపుపచ్చగా, బూడిదరంగుగా, అక్కడక్కడ నల్లగా ఉంది. చేత్తో తడిమితే బొచ్చు తగల్లేదు, చాప తగిలింది. నడుము మీద, చంకల్లో, పొట్ట కింద, చెవుల వెనక బొచ్చంతా అట్టలు కట్టి ఉంది. ఆ అట్టల్లో వడ్ల పొట్టు, బూడిద, కుంకుమ, ఎండిపోయిన బంతిపూల రేకులు ఉన్నాయి. ఎత్తుకోబోతే అరిచింది. చంకలో అట్ట చర్మాన్ని లాగి పట్టడంతో ముందుకాలు చాపలేకపోతోంది.

"అత్తమ్మా, దీన్ని దువ్వలేదా?" అన్నాను.

"దువ్విన. రెండు దినాలు దువ్విన. చిక్కులు పడ్తున్నయని ఆముదం పెట్టిన."

"పిల్లికి ఆముదం పెడ్తరా ఎవరన్న?"

"తలకు పెట్టమా? గట్లనే. సల్లగుంటది. గది గాదు, నడుం మీద సూడు ఎట్ల కట్టిందో. ఊకెనే కడ్తయా జడలు? అమ్మ అచ్చింది దాని మీదికి."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడ్చాను. ఆముదం రాసిన పిల్లి పోయి బూడిదలో పొర్లితే ఏమవుతుంది, అమ్మ వస్తుందా? చిన్నపిల్లల మాడుకు అద్దినట్టు చారెడు ఆముదం అద్ది, దాని మీద పసుపు, దాని మీద కుంకుమ. నేను లేని వానకాలమంతా మంగళవారం వచ్చినవాళ్లు అత్తకు మొక్కి, పొయ్యి దగ్గరికి పోయి పిల్లికీ మొక్కారట. ఒకామె కొబ్బరికాయ కూడా కొట్టిందట. పిల్లికి మాత్రం పిడికెడు అన్నం ఎక్కువ పెట్టిన పాపాన ఎవరూ పోలేదు.

దువ్వెనతో మొదలుపెట్టాను. పళ్లు దిగలేదు. కుంకుడు రసంతో కడిగితే జిడ్డు పోయి విడిపోతుందనుకున్నాను. పిల్లికి స్నానం చేయించడం ఎట్లా ఉంటుందో చేయించినవాళ్లకే తెలుసు, నా ముంజేతుల మీద ఆ గీతలు చాలా రోజులున్నాయి. తీరా ఆరాక చూస్తే అట్టలు ఇంకా బిగుసుకున్నాయి. అంతకుముందు కొద్దిగా కదిలేవి, ఇప్పుడు చర్మాన్ని పట్టుకుని ఒక్కటైపోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. వేళ్లతో ఒకచోట విడదీసి చూస్తే కింద చర్మం ఎర్రగా, తడిగా ఉంది. వాసన కొట్టింది. ఆ వాసన నాకు ఎక్కడో తెలిసినట్టే అనిపించింది కానీ ఎక్కడో తట్టలేదు.

ఇక సలహాలకు కొదవ లేదు. గంధకం నూరి పెట్టమని ఒకరు, పొగాకు నీళ్లు పొయ్యమని ఒకరు, దీపాల గ్యాసునూనె పూస్తే పురుగూ పుండూ ఒక్కసారే పోతాయని ఇంకొకరు. పిల్లి ఒంటికి ఏది పూసినా దాని కడుపులోకే పోతుంది, అది నాక్కుంటుంది కదా అని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. జడలు కట్టిన పిల్లికి మందెందుకని వాళ్లే మళ్లీ అనేవాళ్లు.

మా ఆయన్ను అడిగాను, పట్టుకుంటే చాలు, నేను కత్తిరిస్తానని. ఆయన అడకత్తెరలో పోకచెక్క.

"అవ్వ మాట కాదని నేనెట్ల పట్టుకోవాలె? జరిగేదేదో జరుగుతది, ఊకో," అన్నాడు.

"జరిగేది నాకు తెలుసు. సస్తది," అన్నాను. ఆయన తువ్వాల భుజాన వేసుకుని పొలానికి వెళ్లిపోయాడు.

మంగలి ఇంటికి వచ్చినప్పుడు అడిగాను. అతను పొది విప్పబోయినవాడల్లా, జడలనగానే మళ్లీ కట్టేశాడు. "మనిషికైనా పిల్లికైనా జడలు జడలే అమ్మా. నేను ముట్ట. నాకు పిల్లలున్నరు," అన్నాడు.

అవ్వను చూసివస్తానని చెప్పి, పిల్లిని గంపలో పెట్టి, మీద ఇంకో గంప బోర్లించి కట్టి, కామారెడ్డి బస్సెక్కాను. అక్కడ పశువుల దవాఖాన ఉంది. గంపలో ఏముందని డ్రైవరు అడిగితే కోడిపెట్టని చెప్పాను. సగం దారిలో కోడిపెట్ట మ్యావ్ అన్నది. డ్రైవరు బస్సాపాడు.

"పిల్లి ఎదురైతేనే మేం ఎనుకకు మర్లుతం. నువ్వు బండిలకే ఎక్కిస్తివి. దిగు," అన్నాడు.

ఆ ఎండలో, ఊరు కాని చోట దిగి ఏం చెయ్యను? "ఇది ఎల్లమ్మ పిల్లి. జడలు కట్టింది, సూడు," అని మీది గంప కొంచెం ఎత్తి చూపించాను. డ్రైవరు చెంపలేసుకుని బండి కదిలించాడు. వెనక సీటు ముసలామె తన కొప్పులో పువ్వు తీసి గంపలో వేసింది. ఆ మాట నా నోటితో నేనే అన్నందుకు ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

దవాఖానలో డాక్టరు సాబు గంపలోకి తొంగి చూసి, ముక్కు మూసుకుని, వెనక్కి జరిగాడు. "ఘోడా తీసుకరా, ఎద్దును తీసుకరా, బర్రెను తీసుకరా. పిల్లికి సర్కారు దవా ఇయ్యలేదు. గిది పోతే ఇంకోటి దొరకదా?" అన్నాడు. అవతల ఒక అధికారి గుర్రానికి డెక్క నొప్పి, అందరూ అటు పరుగెత్తారు. నేను గంప ఎత్తుకుని మా తల్లిగారింటికి వెళ్లాను. అక్కడ బాపు ఇంకో పాట అందుకున్నాడు.

"నువ్వు కోస్తుంటే అది సచ్చిందనుకో బిడ్డా. పిల్లిని సంపిన పాపం పోవాలంటే బంగారు పిల్లిని చేపిచ్చి కాశీల దానమియ్యాలె. ఏడికెల్లి తెస్తవు బంగారం?"

"కొయ్యకపోయినా సస్తది బాపూ."

"అప్పుడు నీ చెయ్యి లేదు గదా."

అదీ సంగతి. అది కుళ్లి చస్తే ఎవరి పాపమూ కాదు, బతికించబోతే మాత్రం పాపం నాది. ఆ మాటకు నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అన్నం తినకుండానే తిరుగు బస్సెక్కాను. ఈసారి గంపలో కోడిపెట్ట లేదని ముందే చెప్పేశాను.

ఎల్లారెడ్డి వచ్చాక పిల్లి పాలు ముట్టడం మానేసింది. తర్వాతి రోజు దాని నడుము చుట్టూ ఈగలు ముసరడం చూశాను. తోలుతుంటే పోయి మళ్లీ అక్కడే వాలుతున్నాయి. పశువుల పుండ్లకు పురుగు పట్టడం చూసినదాన్నే, అవి వాలితే తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు. ఇంకెవరినీ అడగదలచుకోలేదు.

మా ఇంటి వెనక గొర్లు కాసే కురుమల ఇల్లు ఉండేది. ఆ ఇంటి ముసలామె గొర్ల బొచ్చు కత్తెర అడిగి తీసుకున్నాను. ఎందుకో చెబితే ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. "మా మందల సగం గొర్లకు జడలే బిడ్డా. గన్నిటి మీదికి ఎల్లమ్మ అస్తే మేం గొంగళ్లు దేనితో నెయ్యాలె?" అన్నది. ఆ గొడవంతటిలో నేను విన్న తెలివైన మాట అదొక్కటే.

అత్త చాటున చెయ్యడం నాకిష్టం లేకపోయింది. నేనేం దొంగతనం చేస్తున్నానా? మధ్యాహ్నం ఆమె అరుగు మీద కూర్చుని పప్పు ఏరుతుంటే ఎదురుగానే కూర్చున్నాను. పిల్లిని తల బయటికి ఉండేట్టు గోనెసంచిలో చుట్టి, ఒళ్లో పెట్టుకున్నాను. కత్తెర చూడగానే అత్త చాట పక్కన పెట్టింది.

"ఏం జేస్తున్నవే?"

"కోస్తున్న."

"అమ్మ కోపమైతది."

"కానియ్యి. కోపమంతా నా మీదికే రానియ్యి. నీ మీదికి, నీ కొడుకు మీదికి రావద్దని మొక్కుకొని కూసున్న. సాలునా?"

ఆమె లేవలేదు. అడ్డం రాలేదు. చూస్తూ కూర్చుంది.

అట్టకూ చర్మానికీ మధ్య దువ్వెన పళ్లు మెల్లగా దూర్చి, దువ్వెన పైనుంచి కత్తిరించాను. దువ్వెన అడ్డం ఉంటే కత్తెర చర్మానికి తగలదు. గోరంత గోరంతగా పోవాలి, తొందరపడితే చర్మం ముడతపడి పైకొస్తుంది. మొదట్లో పిల్లి గుర్రుమన్నది. నడుము మీది పెద్ద అట్ట సగం ఊడేసరికి అరవడం మానేసింది. మొత్తం ఊడి నా ఒళ్లో పడ్డాక అది ఒకసారి ఒళ్లు విరుచుకుని, అదే గోనె మీద నిద్రపోయింది. చచ్చిందేమోనని భయపడి డొక్క మీద చెయ్యి పెట్టి చూశాను. డొక్క ఆడుతోంది.

పొట్ట కిందివి, చంకల్లోవి తర్వాతి రోజుల్లో తీశాను. వేపాకు మరగబెట్టిన నీళ్లు చల్లార్చి, మెత్తటి గుడ్డతో పుండ్లు కడిగి, ఆరనిచ్చాను. నాక్కోకుండా నా పాత రవిక చేతుల్లో దాని కాళ్లు దూర్చి, వీపు మీద ముడి వేశాను. రవిక తొడుక్కుని గడపలో కూర్చున్న ఆ పిల్లిని చూసి వాడకట్టంతా నవ్వింది. అత్త నవ్వలేదు. నేను పారేసిన అట్టను ఏరి, పసుపు గుడ్డలో మూటకట్టి, దేవుని గూట్లో పెట్టింది. నాతో మాత్రం మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా కొడుకుతో చెప్పి అడిగించేది.

ఏ అరిష్టమూ రాలేదు. మా ఆయన పొలం పోయాడు, వచ్చాడు. బర్రె ఈనింది. పిల్లి పాలు తాగింది. చర్మం మీద పక్కులు కట్టి, రాలి, లేత బొచ్చు మొలిచింది. కృతజ్ఞత అనేది పిల్లి జాతిలోనే లేదు కాబట్టి, బాగుపడగానే అది నన్ను వదిలేసి మా అత్త పక్కన పడుకోవడం మొదలుపెట్టింది. అంత గోస పడింది నేను, ఒడి ఆమెది.

ఒక మధ్యాహ్నం నేను బియ్యం చెరుగుతుంటే అత్త వచ్చి పక్కన నిలబడింది. అన్ని రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

"కోసినప్పుడు దానికి నొచ్చిందా?"

"నొయ్యలే అత్తమ్మా. నువ్వు సూసినవు గదా. నిద్రపోయింది."

"గదే సూసిన," అన్నది. "నేను నిద్రపోయి ఎన్నేండ్లాయెనో."

తర్వాత గోనె తెచ్చి నేల మీద పరిచి, నాకు వీపు పెట్టి కూర్చుని, నెత్తి మీది కొంగు తీసింది. "పిల్లికి ఎట్ల జేసినవో గట్లనే జెయ్యి," అన్నది.

కొమ్ము దువ్వెన కడిగి తెచ్చి, జడ కింద దూర్చాను. ఒక మూల ఎత్తగానే వాసన వచ్చింది. వానకాలం పోయిన వెంటనే పిల్లి ఒంటి మీద నాకు తెలిసినట్టే అనిపించిన వాసన. అదే ఇంట్లో, అదే గదిలో, రోజూ నా పక్కనుంచి నడిచిన వాసన. కింద చర్మం అట్లాగే ఎర్రగా, తడిగా ఉంది. చీపురుపుల్ల గీసిన గీతలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. జ్వరంలో తల దువ్వని వాళ్ల మీద, పసుపు పెట్టి మొక్కి పోయిన వాళ్లందరి మీద, ఆ మొక్కుల కోసం ఇన్నేళ్లు మెడ వంచుకున్న ఈమె మీద కూడా.

"అత్తమ్మా, మంగళవారం ఎవరూ రారు ఇగ," అన్నాను. చెప్పకుండా కొయ్యడం న్యాయం కాదనిపించింది.

"ఎర్కనే," అన్నది. "కొయ్యి."

గోరంత గోరంతగా కోశాను. ఊడి చేతిలో పడ్డాక అంత బరువుంటుందని నేననుకోలేదు. ఆమె వెనక్కి తిరిగి దానివంక ఒకసారి చూసి, "పిల్లిదాని పక్కన పెట్టు," అన్నది. గూట్లో ఆ మూట పక్కనే పెట్టి వచ్చాను. వేపాకు నీళ్లతో మెడ కడుగుతుంటే కళ్లు మూసుకుని ఉంది.

ఆరాక లేచి, గోడ పక్కకు పోకుండా గది నడిమధ్యన చాప వేసుకుంది. మెల్లగా, భయపడుతున్నట్టు, తల వెనక్కి వాల్చి నేలకు ఆనించింది. పిల్లి వచ్చి ఆమె డొక్క పక్కన ముడుచుకుంది. నేను మళ్లీ చెరగబోయిన చాట కింద పెట్టేశాను, చప్పుడవుతుందని. పొద్దుగూకి మా ఆయన పొలం నుంచి వచ్చేసరికి కూడా ఆమె అట్లాగే, వెల్లకిలా, నోరు తెరుచుకుని నిద్రపోతోంది.